కొండ దిగే బస్సులో మా మామ

అందరికీ నమస్తే అండీ. డల్లాస్ నుంచి వచ్చి ఆరో రోజు, తిరుపతిలో మామావాళ్లింట్లో ఉన్నాను. ఈరోజు షాపింగు లేదు, హోటల్ టిఫిన్లూ లేవు. దర్శనం అయ్యాక మామా నేనూ ఆర్టీసీ బస్సులో కొండ దిగాం. ఆ ప్రయాణం గురించే చెప్తాను.

మామ ఘాట్ రోడ్డు డ్రైవరు. 22 ఏళ్లు తిరుపతికీ తిరుమలకీ మధ్యే తోలి రిటైరయ్యాడు. బస్సెక్కగానే ముందు సీటు చూసుకుని కూర్చున్నాడు. మొదటి మలుపులో చూశాను, చెప్పు విడిచిన కుడికాలు కింద రేకును మెల్లగా నొక్కుతా ఉంది. మళ్లీ మలుపు, మళ్లీ నొక్కుడు. మాటలు నాతోనే, చూపు మాత్రం రోడ్డు మీద.

దిగేది 1944లో తెరిచిన పాత రోడ్డు. పైకి వెళ్లే బండ్లకు తర్వాత వేసిన రెండో రోడ్డుంది. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 పట్టాలని ఇక్కడ రూలు. నాకది కొత్తగా అనిపించింది. మా ఆఫీసులో ఎవరు తొందరగా ముగిస్తే వాళ్లకే మెప్పు. నిదానమే పనితనం అయిన ఉద్యోగం మా ఇంట్లోనే ఉండి కూడా నేనెప్పుడూ ఆలోచించలేదు.

"బ్రేకు మీదే కాలు పెట్టుకోని దిగితే ఏమైతాది మామా?"

"వేడెక్కి పట్టు తప్పుతాది పాపా. ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగల్ల. బండిని ఇంజనే పట్టుకోవల్ల, బ్రేకు ఊరికే సాయం."

నా సాఫ్ట్‌వేర్ పనీ తేలిక కాదండీ. రాత్రి రెండుకు ఫోన్ మోగితే లేచి కూర్చోవాలి, వేలమంది చెల్లింపులు ఆగిపోయి ఉంటాయి. కానీ తప్పు జరిగితే పాత వెర్షన్ పెట్టేస్తాం, అరగంటలో అంతా మామూలే. మామకు ఆ వెసులుబాటు ఒక్క ట్రిప్పులో కూడా లేదు. జీతాల తేడా తలుచుకుంటే నాకు నిజంగా బాధేసింది. ఇంకొకటి, మామకు తెల్లవారుజాము డ్యూటీ ఉన్న రోజు అత్త రెండున్నరకే లేచి క్యారియర్ కట్టేది. ఆ పనికి జీతమూ లేదు, రిటైర్‌మెంటూ లేదు.

"22 ఏళ్లు ఒకటే రోడ్డు, విసుగు రాలేదా?" అన్నాను.

"రోడ్డు ఒకటే. ఎక్కే జనం ఒకటేనా? వెనక్కి తిరిగి చూడు."

చూశాను. గుండు మీద చందనం ఆరిపోయిన ఒక తాత కిటికీకి ఆనుకుని నిద్రపోతున్నాడు. లడ్డు సంచి ఒళ్లో పెట్టుకుని ఒకామె, ఆమె భుజం మీద పాప, ఇద్దరూ నిద్రే. సగం బస్సు నిద్రలో ఉంది.

"దిగేటప్పుడు జనం నిద్రపోయినారంటే బాగా తోలినట్టు. నాకు అదొక్కటే లెక్క," అన్నాడు మామ.

2022 నుంచి ఈ రోడ్డు మీద ఎలక్ట్రిక్ బస్సులూ తిరుగుతున్నాయి. మేం ఎక్కింది మాత్రం డీజిల్ బండే. డ్రైవరు చిన్న వయసు కుర్రాడు. అలిపిరి వచ్చాక, బస్సు ఆగాక కూడా ఆ పాప లేవలేదు, వాళ్లమ్మ అట్లే ఎత్తుకుని దిగింది. మామ అందరూ దిగేదాకా ఆగి, ఆ అబ్బాయి దగ్గరికి పోయి, "బాగా తోలినావబ్బా" అన్నాడు. అతను స్టీరింగు వదిలి, అరచేతుల చెమట ప్యాంటుకు తుడుచుకుని, మామకు దండం పెట్టాడు.