లేపబుద్ధి కాలేదు

వేదిక మీది పెద్దలందరికీ నమస్కారం. పేర్లన్నీ వరుసగా చదివితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించండి. కొత్తగా పీజీలో చేరిన మీకు రోగులతో మాట్లాడే తీరు గురించి చెప్పమన్నారు. చెబుతాను. ముందు నిద్ర సంగతి చెప్పనివ్వండి.

నేను జనరల్ మెడిసిన్‌లో చేరిన రెండో నెల. పత్తికి మందు కొట్టే రోజులు. పురుగుల మందు తాగిన కుర్రవాణ్ని సాయంత్రం తీసుకొచ్చారు. నేను ముందురోజు ఉదయం ఎక్కిన డ్యూటీ ఇంకా దిగలేదు. మీకు తెలుసు, విరుగుడుగా అట్రోపిన్ ఇస్తూ ఛాతీలో గురగుర తగ్గిందా, చంకలు ఆరాయా అని తెల్లవార్లూ చూస్తూనే ఉండాలి. వాళ్ళమ్మకు కూడా చూపించాను: "ఇక్కడ మళ్ళీ చెమట తగిలితే చెప్పమ్మా."

రాత్రి మూడింటికి స్టూలు మీదే నిద్రపోయాను. ఆమె భుజం తట్టింది. "చెమట పట్టి కాసేపయింది బాబూ. నిన్నటి నుంచీ నిద్ర లేదట కదా, లేపబుద్ధి కాలేదు" అంది.

మందు పెంచాం. పిల్లవాడు దక్కాడు. కానీ కొడుకు ప్రాణం మీదికి వచ్చినా డాక్టరు నిద్ర చెడగొట్టడానికి మొహమాటపడింది చూశారా, అది తలచుకుంటే ఈ వయసులోనూ నాకు సిగ్గేస్తుంది. ఉదయం రౌండ్లలో మా చీఫ్ అడిగింది మాత్రం ఒకటే: కేసు షీటు ఎందుకు పూర్తి కాలేదని!

పీజీ చేసే డాక్టరును రెసిడెంటు అంటాం, అంటే ఆసుపత్రిలోనే కాపురముండేవాడు. అమెరికాలో 1889లో మొదలైన జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ సర్జరీ శిక్షణను అలాగే నడిపాడు. మహానుభావుడే, ఆపరేషన్ గదిలోకి రబ్బరు తొడుగులు తెచ్చినవాడు. కొకైన్‌కు, ఆ తరవాత మార్ఫిన్‌కు బానిసైనవాడు కూడా. ఆయన వేసిన బాటలో మనం ఇప్పటికీ కునికిపాట్లు పడుతూ నడుస్తున్నాం.

1992 జూన్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. జూనియర్ రెసిడెంట్లకు వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకు మించకుండా పని. ఎంత బాగుంది! అయితే దానికి 'సాధారణంగా' అని ఒక మాట తగిలించారు. మన క్యాజువాలిటీలో సాధారణమైన రోజు ఎప్పుడొచ్చింది గనక?

ముందు వరుసలోని ప్రొఫెసర్లు నవ్వుతున్నారు. "మేమూ పడ్డాం, వీళ్ళూ పడనీ" అంటారు మీరు. నేనూ అన్నాను, పదేళ్ళపాటు అన్నాను. ఆరళ్ళు పడిన కోడలే అత్త అయ్యాక మరింత గట్టిగా పెడుతుంది.

అన్నట్టు, రోగులతో మాట్లాడే తీరు. మంచం పక్కన ఉండేవాళ్ళకు ఏం గమనించాలో చెప్పండి. అవసరమైతే మిమ్మల్ని లేపమని కూడా చెప్పండి. నేను ఆ రెండోది చెప్పలేదు.

సూపరింటెండెంటు గారూ, ఇటు వస్తూ రెసిడెంట్ల విశ్రాంతి గది చూశాను. రెండు మంచాలున్నాయి, ఒకదాని నిండా పాత కేసు షీట్లే. టీ తాగాక వాటిని తీయిద్దాం. నా బస్సు సాయంత్రానికి గానీ లేదు, ఇక్కడే ఉంటాను.