అడంగల్లో లేని మనిషి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదవమని కార్యదర్శి గారు చీటీ ఇచ్చారు. చదివితే భోజనాల వేళవుతుంది, క్షమించాలి. లైబ్రరీ వార్షికోత్సవానికి నాకిచ్చిన అంశం 'వ్యవసాయ విధానాలు: నిన్న, నేడు'. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. 1971 పాసుపుస్తకాల చట్టం, 2004లో ఉచిత కరెంటు మీద తొలి సంతకం, 2018లో తెలంగాణలో ఎకరానికి పంటకు 4,000 రూపాయల చొప్పున రైతుబంధు పెట్టుబడి సాయం, 2019లో మన రైతు భరోసా, ఇప్పుడు అన్నదాత సుఖీభవ. పొద్దున బస్సులో చదువుకుంటుంటే తట్టింది, ఈ నాలుగు పేజీల్లో మా నాన్న ఎక్కడా లేడని.

ఆయన కౌలు రైతు. మూడెకరాలు, నోటిమాట కౌలు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను గురించి ఇక్కడి పెద్దవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కొబ్బరిచెట్లు పడిపోయిన సంగతి అందరూ చెబుతారు. నాకు గుర్తున్నది చేను. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది. వారం తర్వాత నాన్న ఓ కంకి తుంచి అరచేతిలో పెట్టి చూపించాడు. గింజగింజకీ తెల్లటి మొలక. పరిహారం రాయడానికొచ్చినాయన అడంగల్, అదే ఊరి పొలాల రికార్డు, తిరగేసి పేరు రాసుకున్నారు. ఎవరి పేరు? ఆసామిది, పొలం సొంతదారుది.

నన్ను వెంటబెట్టుకుని నాన్న ఆసామి ఇంటికెళ్ళాడు. మంచాయనే అండి, అబద్ధమెందుకు. కాఫీ ఇప్పించారు. "వచ్చే ఏడు కౌలులో చూసుకుందాంలే" అన్నారు. వచ్చే ఏడు ఎకరానికో బస్తా కౌలు పెరిగింది.

ఎక్కడున్నాం? ఆఁ, 2011. మన కోనసీమలో రైతులు పంట వేయమని పంట విరామం ప్రకటించిన ఏడు. కారణాలు చూడ్డానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. మురుగు కాల్వలు, గిట్టుబాటు ధర, అన్నీ మాట్లాడారు, మాట్లాడాల్సిందే. కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం కూడా ఆ ఏడాదే వచ్చింది. ఆసామి సంతకం అక్కర్లేదన్నారు. కార్డు పట్టుకుని బ్యాంకుకెళ్తే, అదే పొలం మీద ఆసామి పేరున పంట రుణం అప్పటికే ఉండేది. 2019లో దాన్ని తీసేసి ఇంకో చట్టం తెచ్చారు. 11 నెలల ఒప్పందం, ఆసామి సంతకం తప్పనిసరి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని ఆసామికి భయం. కౌలుదారుకి రక్షణ ఇచ్చిన 1956 కౌలు చట్టం నాటి భయం, ఇంకా దిగలేదు. రైతు భరోసాలో కౌలుదార్లనీ కలిపారు, అయితే సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే. మా నాన్న బతికుంటే అందులోకీ రాడు.

చప్పట్లు వద్దండి, ప్రభుత్వాల్ని తిట్టడం తేలిక. అసలు మాట ఇంకా చెప్పలేదు.

2025 ఆగస్టులో నా ఫోను మోగింది. సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి 7,000 రూపాయలు పడ్డాయి. నాకు ఎకరం పాతిక ఉంది. ఉండేది అమలాపురంలో. దమ్ము చేయించేదీ, ఊడ్పించేదీ, రాత్రి నీరు కట్టేదీ వేరే కుర్రాడు. ఆ వెనక కుర్చీల్లోనే ఉన్నాడు. డబ్బు గురించి వాడు అడగలేదు. నేనే అన్నాను, "కౌలులో చూసుకుందాంలేరా" అని. అనేశాక కాఫీ గ్లాసు గుర్తొచ్చింది.

ఇదిగో, సంచిలో పాతిక కౌలు ఒప్పంద పత్రాలు తెచ్చాను. మొదటిదాని మీద నా సంతకం పొద్దున్నే అయిపోయింది. ముందు వరసలో పొలం కౌలుకిచ్చినవాళ్ళు ఒక్కసారి చేతులెత్తండి. ఎత్తండి, ఫరవాలేదు. అన్నయ్య గారూ, మీరూ. బాబూ, ఆ పెన్ను ఇటు అందుకో.