వాలిపోతున్న పువ్వుతో పాటు: జోన్ మిచెల్ చిత్రాల గురించి

సభలోని పెద్దలకి, చిత్రకళ నేర్చుకుంటున్న విద్యార్థులకి నమస్కారం.

2022 అక్టోబరు నుంచి 2023 ఫిబ్రవరి దాకా పారిస్‌లోని లూయీ విట్టాన్ ఫౌండేషన్‌లో ఒక పెద్ద ప్రదర్శన జరిగింది. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మొనే చివరి ఏళ్ళలో వేసిన కలువకొలనుల పక్కన జోన్ మిచెల్ అనే అమెరికన్ చిత్రకారిణి అబ్‌స్ట్రాక్ట్ చిత్రాలు, అంటే వస్తువుల రూపం గీయని చిత్రాలు, పెట్టారు. మొనే పోయేనాటికి ఆవిడకి రెండేళ్ళు కూడా నిండలేదు. మరి ఇద్దర్నీ ఒక గోడ మీదికి తెచ్చిందేమిటంటే ఒక ఊరు. పారిస్‌కి వాయవ్యంగా సెన్ నది ఒడ్డున వెతయ్ అనే పల్లె ఉంది. మొనే 1878 నుంచి 1881 దాకా అక్కడే కాపురం ఉన్నాడు. 1879లో భార్య కమీల్ అక్కడే చనిపోయింది. ఆ చలికాలం నది గడ్డకట్టింది. జనవరిలో మంచు పగిలి పలకలు పలకలుగా కొట్టుకుపోతుంటే మొనే ఆ నదిని మళ్ళీ మళ్ళీ వేశాడు. 1968లో మిచెల్ ఆ ఊరికే వచ్చి, మొనే ఉన్న ఇంటికి ఆనుకునే ఉన్న స్థలంలో, కొండవాలున స్థిరపడింది. 1992లో చనిపోయేవరకూ ఆ నదిని చూస్తూనే బతికింది. తనని ఎవరైనా మొనేతో పోలిస్తే మాత్రం ఆవిడకి నచ్చేది కాదు. కాబట్టి నేనూ ఆ పోలికని ఇక్కడితో వదిలేస్తాను.

అబ్‌స్ట్రాక్ట్ అనగానే చాలామంది అడిగే మాట ఒకటుంది. చెట్టుని చెట్టులా వెయ్యడం మానేశాక అది ప్రకృతి చిత్రం ఎలా అవుతుంది? న్యాయమైన ప్రశ్నే. నాకు తోచిన జవాబు చెప్తాను. ఆకారం గీస్తే మనకి దక్కేది చెట్టు రూపం. ఆ చెట్టుకి జరుగుతున్నది, అంటే ఆకు రంగు తిరగడం, కొమ్మ ఎండటం, సాయంత్రం వెలుతురు దాని మీంచి తప్పుకోవడం, ఆ రూపంలో పట్టుబడదు. మిచెల్ రూపాన్ని వదులుకుంది ఈ జరుగుతున్నదాని కోసమే. నాతో పాటు మోసుకు తిరిగే, గుర్తున్న ప్రకృతి దృశ్యాల్లోంచి బొమ్మలు వేస్తాను అని ఆవిడ 1950లలోనే చెప్పింది. పగలంతా తోట, నది, డాబా మీద పెద్ద లిండెన్ చెట్టు చూసేది. రంగులు వేసేది మాత్రం ఎక్కువగా రాత్రిపూట, ట్యూబులైట్ల వెలుతురులో. ఎదురుగా చెట్టు లేనప్పుడు చెయ్యి దేన్ని గుర్తుపెట్టుకుందో అదే కాన్వాస్ మీదికి వస్తుంది. ఆవేశంతో రంగులు చిమ్మే మనిషి అని ఆవిడ గురించి ఒక మాట ఉంది. అది సరికాదు. దూరంగా నిలబడి చాలాసేపు చూసి, వచ్చి ఒక గీత వేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసుకునే మనిషి ఆవిడ.

ఇక పొద్దుతిరుగుడు పువ్వుల సంగతి. ఈ పూల చిత్రాలకి పేరుపొందిన డచ్ చిత్రకారుడు వాన్ గో అంటే మిచెల్‌కి ప్రాణం. ఆవిడ తన తోటలో ఈ పూలు పెంచుకుంది, ఏళ్ళ తరబడి వాటినే వేసింది. వాలిపోతున్న పువ్వు కనిపిస్తే నేనూ దాంతో పాటు వాలిపోతాను, అది చచ్చిపోయేదాకా దాన్ని అనుభవిస్తాను అని చెప్పుకుంది. 1990–91లో వేసిన ‘సన్‌ఫ్లవర్స్’ చూడండి. రెండు కాన్వాసులు పక్కపక్కన, మొత్తం 4 మీటర్ల వెడల్పు, 2.8 మీటర్ల ఎత్తు. రేకులు లేవు, కాడలు లేవు. పసుపు, నారింజ, నీలం, ఆకుపచ్చ గీతలు ముద్దలుగా చిక్కుపడి ఉంటాయి. అక్కడ రంగు బరువుగా ఉంటుంది. దాని కిందినుంచి పల్చటి రంగు ధారలుగా కారి తెల్లటి ఖాళీలోకి జారిపోతుంది. కారిన చోట ఆవిడ తుడవలేదు.

మన కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడిలో ఈ పంట పండించిన రైతుకి ఈ చిత్రం నాకన్నా తొందరగా అర్థమవుతుందనుకుంటాను. మొక్క లేతగా ఉన్నప్పుడు సూర్యుడితో పాటు తిరుగుతుంది. పువ్వు పూర్తిగా విచ్చుకున్నాక తిరగడం మానేసి తూర్పుకే మొహం పెట్టి ఉండిపోతుంది. గింజ గట్టిపడ్డాక బరువుకి తల వంచుతుంది, పువ్వు వెనకవైపు నిమ్మపండు రంగుకి తిరుగుతుంది. రైతుకి అది కోతల కబురు, మిచెల్‌కి అది చావు కబురు. ఆ కాన్వాస్ మీద రెండూ ఉన్నాయి. పైన గింజ బరువు, కింద జారిపోవడం.

1982లో మిచెల్ అక్క శాలీ పోయింది. ఆ తర్వాత వచ్చింది ‘లా గ్రాండ్ వాలే’ వరస, అంటే పెద్ద లోయ. 1983, 84ల్లో వేసిన 21 చిత్రాలు. ఆ లోయని మిచెల్ ఎప్పుడూ చూడలేదు. జిజెల్ బారో అనే స్నేహితురాలు, సంగీతకర్త, చిన్నప్పుడు బంధువుల కుర్రాడితో కలిసి ఆడుకున్న చోటు గురించి చెప్పింది. ఆ కుర్రాడు పెద్దయ్యాక, చనిపోయే ముందు మళ్ళీ అక్కడికి వెళ్దామన్నాడు, వెళ్ళడం కుదరలేదు. వేరేవాళ్ళ జ్ఞాపకంలోని ఆ లోయలో మిచెల్ తన దుఃఖాన్ని దాచుకోలేదు సరికదా, నీలాలు, పసుపులు, గులాబీలు అంచుల దాకా నింపేసింది. ఆ 21లో ఒకదాని పేరు ‘కొద్దిసేపటి కోసం’. అది పారిస్‌లోని పోంపిదూ మ్యూజియం సొత్తు. పారిస్ ప్రదర్శనలో ఈ వరసలోంచి 10 చిత్రాలు ఒకచోట చేర్చారు. దుఃఖం ఇంత వెలుతురుగా ఉండొచ్చా అని అనుమానమొస్తే ఆ వరస చూడాలి.

ఆ ప్రదర్శన మొదలైన కొద్ది రోజులకే, 2022 అక్టోబరు 14న, లండన్ నేషనల్ గ్యాలరీలో వాన్ గో పొద్దుతిరుగుడు పూల చిత్రం మీద, చమురు తవ్వకాలు ఆపాలంటున్న ఇద్దరు యువతులు టమాటా సూప్ పోశారు. ముందు అద్దం ఉండబట్టి బొమ్మకి ఏమీ కాలేదు. ఏది విలువైనది, కళా, జీవితమా అని వాళ్ళు గట్టిగా అడిగారు. చమురు తవ్వకాల మీద వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. భూమి వేడెక్కుతున్న సంగతి అబద్ధం కాదు. కానీ ఆ ప్రశ్న వేసిన చోటు తప్పు. పువ్వు పోతుందనే బాధతో బతికిన మనుషుల బొమ్మల ముందు నిలబడి, పువ్వా బొమ్మా తేల్చుకో అనడం నాకు అన్యాయమనిపిస్తుంది.

ప్రకృతిని ఇలా వెయ్యడం మనకి కొత్త సంగతేమీ కాదు. ఖమ్మం జిల్లా మధిరలో పుట్టి హైదరాబాద్‌లో పనిచేసిన చిత్రకారుడు సూర్యప్రకాశ్ గారు మొదట్లో తుక్కుగా పడేసిన కార్లని వేశారు. తర్వాత నీళ్ళూ కలువలూ ఆకులూ ఆయన్ని పట్టుకున్నాయి. తుప్పునీ నీటినీ ఒకే శ్రద్ధతో చూసిన మనిషి. 2019లో పోయారు. ఆయన కొలనుల్లో కూడా ఆకెక్కడ అయిపోయి నీడెక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ఆయన మీద ఇంకా పెద్ద పని జరగాలి. ఇక్కడి విద్యార్థుల్లో ఎవరైనా తీసుకోండి.

ఇప్పుడు స్లైడ్‌లు చూద్దాం. మొదటి నాలుగూ మిచెల్‌వి. ఇదేమిటి అని వెతకడం కాసేపు పక్కన పెట్టండి. రంగు ఎక్కడ మందంగా ఉంది, ఎక్కడ కారింది, ఏ చోటు ఖాళీగా వదిలేసింది, ఇవి మాత్రం కాగితం మీద రాసుకోండి. తర్వాత వాటి మీదే మాట్లాడుకుందాం.