సెవెన్ అప్ బిస్కెట్లు: పొంగించేది సోడా ఒక్కటేనా?

[తెర మీద: ఓవెన్ నుంచి అప్పుడే తీసిన చదరపు ట్రే. తొమ్మిది బిస్కెట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఒకదాన్ని వేళ్లతో విడదీస్తే లోపలి నుంచి ఆవిరి వస్తుంది.]

నమస్కారం. ఈ ట్రేలో ఉన్నవి బిస్కెట్లే. టీలో ముంచుకునే కరకరలాడే రకం కాదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పొద్దున్నే వేడివేడిగా వెన్న రాసుకుని తినే మెత్తని చిన్న రొట్టెలు. అట్లాంటాలోనో షార్లెట్‌లోనో ఉంటున్న మనవాళ్లకు ఇవి బాగా పరిచయం. ఈస్ట్ అక్కర్లేదు, పిండి పులియబెట్టే పని లేదు, చేతులు నొప్పి పుట్టేలా పిసకనక్కర్లేదు. గిన్నె చేతిలోకి తీసుకున్న అరగంటలో బల్ల మీదికి వస్తాయి. ఇందులో పాలకు బదులు చల్లని నిమ్మరుచి సోడా పోస్తారు. సెవెన్ అప్, స్ప్రైట్, ఏదైనా సరే.

సోడాలోని బుడగలే వీటిని ఉబ్బిస్తాయని చాలామంది చెబుతారు. అందులో నిజం కొంతే. మిగతాది తెలిస్తే ఇంట్లో ఉన్న సరుకులతో ఎలా మార్చుకున్నా బిస్కెట్లు చెడవు. అందుకే ఈ వీడియోలో కొలతలకన్నా కారణాల మీదే ఎక్కువసేపు ఉంటాను.

[తెర మీద: చెక్క దిమ్మె మీద పిండి ముద్ద, పక్కన చెక్క సుత్తి.]

ముందు కొంచెం వెనక్కి వెళదాం. బేకింగ్ పౌడర్ రాకముందు దక్షిణాదిలో పిండి ముద్దను సుత్తితో అరగంట, ఒక్కోసారి అంతకు మించి బాది బిస్కెట్లు చేసేవారు. బానిసత్వం ఉన్న రోజుల్లో పెద్ద ఇళ్లలో ఆ బాదే చాకిరీ బానిసలైన నల్లజాతివారిదే. దక్షిణాది బిస్కెట్ గురించి మాట్లాడేటప్పుడు ఆ చేతులను మరచిపోకూడదు.

ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ 1843లో, భార్యకు ఈస్ట్ పడదని, అది లేకుండా రొట్టె పొంగే పొడి తయారు చేశాడు. 1850లలో అమెరికాలో ఎబెన్ హార్స్‌ఫర్డ్ మరో రకం బేకింగ్ పౌడర్ రూపొందించాడు. సుత్తి అవసరం తీరింది. 1929లో సెయింట్ లూయిస్‌లో చార్లెస్ గ్రిగ్ ఒక నిమ్మరుచి పానీయాన్ని అమ్మకానికి పెట్టాడు. ఆ తర్వాత సెవెన్ అప్‌గా పేరుపడింది అదే. 1931లో జనరల్ మిల్స్ సంస్థ బిస్క్విక్ తెచ్చింది. గోధుమపిండి, కొవ్వు, బేకింగ్ పౌడర్, ఉప్పు ముందే కలిపి పెట్టెలో పోసిన పొడి అది. ఈ రెండూ, వాటితో పాటు సోర్ క్రీమ్ అనే పులియబెట్టిన మీగడ, వెన్న కలిస్తే సెవెన్ అప్ బిస్కెట్.

[తెర మీద: గాజు గ్లాసులో సోడా పోస్తున్న దృశ్యం, చాలా దగ్గరి నుంచి. బుడగలు గోడలకు అంటుకుని, ఒక్కొక్కటిగా విడిపోయి పైకి పోతున్నాయి.]

ఇప్పుడు బుడగల సంగతి. సోడాలో ఒత్తిడి పెట్టి కరిగించిన కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అరకప్పు, అంటే 120 మిల్లీలీటర్ల సోడాలో సుమారు 400 మిల్లీలీటర్ల వాయువు ఇమిడి ఉంటుంది. వినడానికి చాలానే. కానీ మూత తీసిన క్షణం నుంచే అది పారిపోవడం మొదలుపెడుతుంది. గ్లాసులో పోస్తే కొంత, పొడిపిండి మీద పడగానే ఇంకొంత, గరిటెతో తిప్పితే మరికొంత పోతుంది. పిండిలో ప్రతి రేణువూ ఒక బుడగ పుట్టడానికి చోటు ఇస్తుంది. అందుకే పోసిన వెంటనే బుసబుసమని నురుగు లేస్తుంది. అది చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ నురుగంతా గాలిలో కలిసిపోయే వాయువే. ఓవెన్‌లోకి వెళ్లేసరికి పిండిలో మిగిలేది కొద్దిగా మాత్రమే.

అసలు బరువు మోసేది బేకింగ్ పౌడర్. ఇందులో రెండు దశలున్నాయి. తడి తగలగానే కొంత వాయువు, వేడి తగిలాక మిగతా వాయువు వస్తుంది. ఆ రెండో దశ పిండి గట్టిపడే సమయానికే జరుగుతుంది కాబట్టి బుడగలు లోపలే చిక్కుకుంటాయి. బేకింగ్ పౌడర్ లేకుండా మైదాలో సోడా ఒక్కటే పోసి కాలిస్తే గట్టి బిళ్లలు వస్తాయి. గ్యాస్ పోయిన సోడా పోసినా, బేకింగ్ పౌడర్ మంచిదైతే బిస్కెట్లు పొంగుతాయి. కొంచెం తగ్గుతాయి, అంతే.

మరి సోడా ఎందుకు? మూడు పనులు చేస్తుంది, మూడూ నాకు ముఖ్యమే. ఒకటి, అందులోని సిట్రిక్ ఆమ్లం. అది వంటసోడాతో కలిసి అదనంగా వాయువు పుట్టిస్తుంది. మన బజ్జీల పిండిలో చిటికెడు వంటసోడా వేసినప్పుడు అది పిండిని గుల్ల చేస్తుంది కదా, ఇక్కడ దానికి ఆమ్లం తోడవుతుంది. రెండు, చక్కెర. అమెరికాలో అమ్మే 355 మిల్లీలీటర్ల డబ్బాలో సుమారు 38 గ్రాముల చక్కెర ఉంటుంది. మనం పోసే అరకప్పులో 13 గ్రాములు. తొమ్మిది బిస్కెట్లకు పంచితే ఒక్కోదానికి ఒకటిన్నర గ్రాములు. తీపి పెద్దగా తెలియదు, కానీ పైభాగం బంగారు రంగులోకి తిరగడానికి, లోపల మెత్తగా ఉండటానికి అది చాలు. మూడోది నీరు. ఈ పిండి చాలా జారుగా ఉంటుంది. పెద్ద వేడి తగిలేసరికి ఆ నీరు ఆవిరై లోపలి నుంచి తోస్తుంది. అందుకే వేడి ఎక్కువ ఉండాలి.

డైట్ పానీయం పోయవద్దు. చక్కెర లేదు కాబట్టి రంగు రాదు. పైగా అందులో అస్పర్టేమ్ అనే కృత్రిమ తీపి పదార్థం ఉంటే వేడికి దాని తీపి కూడా పోతుంది.

[తెర మీద: వంటబల్ల. మైదా, పెరుగు, వెన్న, ఫ్రిజ్ నుంచి తీసిన సోడా సీసా.]

ఇక చేద్దాం. బిస్క్విక్ దొరకకపోయినా పర్వాలేదు. రెండు కప్పుల మైదా, సుమారు 250 గ్రాములు. మూడు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీస్పూను వంటసోడా, అర టీస్పూను ఉప్పు. బేకింగ్ పౌడర్ పాతదయితే ఒక చెంచా వేడినీళ్లలో వేసి చూడండి. గట్టిగా నురుగు రాకపోతే దాన్ని వాడకండి.

దక్షిణాదివాళ్లు వాడే పిండికి ఒక ప్రత్యేకత ఉంది. అక్కడి మెత్తని శీతాకాలపు గోధుమలో మాంసకృత్తులు తక్కువ. టెనెసీలోని నాక్స్‌విల్‌లో 1883లో మొదలైన వైట్ లిల్లీ పిండి దీనికి పేరుపడింది. మన మైదా అంతకంటే కాస్త జిగురుగా ఉండొచ్చు. ప్రతి కప్పులో రెండు టేబుల్ స్పూన్ల మైదా తీసేసి, ఆ స్థానంలో కార్న్‌ఫ్లోర్ వేస్తే జిగురు తగ్గుతుంది.

ఫ్రిజ్‌లోని గట్టి వెన్న 45 గ్రాములు ముక్కలుగా కోసి, వేళ్ల చివరలతో మైదాలో రుద్దండి. శనగపప్పు గింజలంత వెన్న ముక్కలు కనబడాలి. అవి ఓవెన్‌లో కరిగినచోట ఖాళీ మిగిలి, పొరలుగా విడుతుంది. చేతివేడికి వెన్న కరుగుతోందనిపిస్తే గిన్నెను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి.

ఓవెన్ ముందే 230 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసుకోవాలి. ఓటీజీలో పై కడ్డీ, కింది కడ్డీ రెండూ వేయాలి. తొమ్మిది అంగుళాల చదరపు ట్రేలో 50 గ్రాముల వెన్న కరిగించి పోసి పక్కన పెట్టండి. ఈ వెన్నలోనే బిస్కెట్ల అడుగు వేగి కరకరలాడుతుంది. దీన్ని తగ్గించవద్దు.

అరకప్పు గట్టి పెరుగు పిండిలో వేయండి. సోర్ క్రీమ్ ఉంటే ఇంకా మంచిది. పెరుగు బట్టలో కట్టి నీరు దించినదైతే దానికి దగ్గరగా వస్తుంది. ఇప్పుడు సోడా సీసా మూత తీయండి, ముందు కాదు. చల్లని సోడాలో వాయువు ఎక్కువసేపు నిలుస్తుంది. అరకప్పు పోసి, గరిటెతో కింది నుంచి పైకి పది పన్నెండుసార్లు తిప్పి ఆపేయండి. పొడిపిండి అక్కడక్కడా కనిపిస్తున్నా సరే. ఎక్కువ కలిపితే గోధుమపిండిలో జిగురునిచ్చే గ్లూటెన్ గట్టిపడి, బిస్కెట్లు సాగుతాయి.

[తెర మీద: మైదా చల్లిన పీట మీద జారుపిండి. తడిచేతులకు అంటుకుంటోంది.]

ఇంత జారుగా ఉందేమిటి అనుకుని మైదా కలిపేయడం ఇక్కడ అందరికీ కలిగే కోరిక. ఆపుకోండి. పీట మీద మైదా చల్లి, పిండి మీద ఇంకొంచెం చల్లి, చేత్తో అంగుళం మందంగా తట్టండి. రెండుగా మడిచి మళ్లీ తట్టండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే పొరలు వస్తాయి. అప్పడాల కర్ర వద్దు.

గ్లాసు అంచుతోనో కట్టర్‌తోనో కోసేటప్పుడు నిలువుగా దించి నిలువుగా ఎత్తండి. గుండ్రంగా తిప్పితే అంచు అతుక్కుని బిస్కెట్ ఒక పక్కకు ఒరుగుతుంది. గుండ్రాలు ఇష్టం లేకపోతే కత్తితో తొమ్మిది చదరాలు కోసేయండి, పిండి వృథా కాదు. ట్రేలో దగ్గరదగ్గరగా ఆనేలా పెట్టండి. పక్కకు వెళ్లడానికి చోటు లేక పైకి లేస్తాయి. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. పైభాగం బంగారు రంగులోకి రావాలి. మధ్యలో ఉన్న బిస్కెట్‌లో పుల్ల గుచ్చి చూడండి.

ప్రెషర్ కుక్కర్‌లో కాలిస్తే లోపల ఉడుకుతుంది గానీ పైన ఎర్రబడదు. తీసి పెనం మీద ఒక్క నిమిషం తిరగేస్తే రంగు వస్తుంది.

[తెర మీద: వేర్వేరు పానీయాల సీసాలు.]

సీసా మార్చడం గురించి. అల్లం రుచి గల జింజర్ ఏల్ బాగుంటుంది. సాదా సోడా పోస్తే రెండు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను నిమ్మరసం కలపండి. కోలా ముదురు రంగు ఇస్తుంది, రుచి కూడా బరువవుతుంది, నాకు నచ్చదు. ఆస్ట్రేలియాలో ఇదే పద్ధతిలో లెమనేడ్ స్కోన్లు చేస్తారు. మూడు కప్పుల సెల్ఫ్ రైజింగ్ పిండి (బేకింగ్ పౌడర్ ముందే కలిపిన మైదా), ఒక కప్పు క్రీమ్, ఒక కప్పు నిమ్మ సోడా. వెన్న రుద్దే పని కూడా ఉండదు. మొదటిసారి చేసేవాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టడమే మేలు.

దక్షిణాదిలో వీటి మీద సాసేజ్ గ్రేవీ పోసుకుంటారు. శాకాహారులకు వెన్న, తేనె చాలు. మిగిలినవి మరునాటికి కాస్త గట్టిపడతాయి. అడ్డంగా రెండుగా చీల్చి, లోపలి వైపు వెన్న రాసి, పెనం మీద ఆ వైపు కాల్చండి. మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరులా సాగుతాయి.