అంబాసిడర్ పాత పార్టులు: తుప్పు వదిలించడం, మళ్లీ రాకుండా చూడటం

నమస్తే అండి. టేబుల్ మీదున్నవి అంబాసిడర్ వెనక కమాన్ కట్టల (స్టీలు పట్టీల స్ప్రింగుల) షాకిల్ ప్లేట్లు, అంటే ఆ కట్ట చివరని బండి అడుగుభాగానికి కలిపే ప్లేట్లు, ఇంకా రెండు బ్రాకెట్లు. బండి తయారీ 2014లోనే ఆగిపోయింది, బజార్లో దొరికే కొత్తవాటిలో పల్చటి రేకు సరుకు కూడా ఉంటుంది కాబట్టి, గుల్లబారకపోతే పాతవే బాగుచేసుకోవడం నయం.

ముందు జిడ్డు పోవాలి. మందంగా ఉన్నది గీకేసి, డీజిల్‌తో కడిగి, సబ్బు నీళ్లతో ఇంకోసారి కడగండి.

(టబ్ దగ్గరగా చూపించాలి)

ఇప్పుడు నీళ్లలో కరెంటు పంపి తుప్పు వదిలిద్దాం. ప్లాస్టిక్ టబ్‌లో లీటరు నీళ్లకి ఒక చెంచా చాకలి సోడా. 12 వోల్టుల పాత రకం బ్యాటరీ చార్జర్ తీసుకోండి, ఎందుకంటే కొత్త స్మార్ట్ చార్జర్లు చాలావరకు ఎదురుగా బ్యాటరీ కనిపించకపోతే కరెంటే ఇవ్వవు. నెగటివ్ క్లిప్పు మన పార్టుకి, పాజిటివ్ ఒక పనికిరాని ఇనప ముక్కకి పెట్టి, రెండిటినీ ఆ నీళ్లలో ఉంచాలి. తారుమారైతే మన పార్టే కరిగిపోతుంది! ఆ ముక్క స్టెయిన్‌లెస్ స్టీల్ మాత్రం కాకూడదు, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. బుడగల్లో వచ్చేది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయటే, నిప్పుకి దూరంగా. ముక్కకి ఎదురుగా ఉన్న వైపే బాగా శుభ్రపడుతుంది, మధ్యలో కరెంటు ఆపి పార్టుని తిప్పండి.

కమాన్ పట్టీలని ఈ టబ్‌లో వెయ్యొద్దు. గట్టి స్ప్రింగు స్టీల్లోకి హైడ్రోజన్ దూరితే పెళుసెక్కి విరుగుతుంది. వాటికి వైర్ బ్రష్షే. కార్బురేటర్ లాంటి అల్యూమినియం, జింకు పార్టులూ వద్దు, సోడా తినేస్తుంది.

(పార్టుపై నల్లటి పొర)

తీశాక ఈ నల్లటి మడ్డి కనిపిస్తుంది, బ్రష్‌తో రుద్దితే పోతుంది. చాలామంది ఇక్కడే పని అయిపోయిందనుకుని టీకి వెళ్తారు. ఇదిగో, ఈ అంచు చూడండి, తడిగా వదిలేసిన కాసేపటికే నారింజ రంగు తిరిగింది. విశాఖ, కాకినాడ లాంటి చోట ఉప్పుగాలికి ఇంకా త్వరగా పడుతుంది. అందుకే వేడినీళ్లతో కడిగి, వెంటనే హీట్ గన్‌తో ఆరబెట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచి, అదే పూట ఎపాక్సీ ప్రైమర్ కొట్టేయాలి. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ చవకే, కానీ పైన పెయింటు వేయకపోతే తేమని లోపలికి రానిస్తుంది.

బోల్టు కూర్చునే చోట పెయింటు మందంగా ఉండొద్దు, నలిగి బోల్టు వదులవుతుంది. అక్కడ పల్చగా గ్రీజు చాలు. రబ్బరు బుష్‌లకి మామూలు గ్రీజు పడదు, ఉబ్బిపోతాయి, సిలికాన్ గ్రీజు వాడండి.

వచ్చే వీడియోలో బ్రేకు డ్రమ్ములు. ఈలోగా వాటిలోని దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదేయకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి.