ఇల్లు కురుస్తోంటే అద్దె ఆపేయొచ్చా?

[తెర మీద: పెచ్చులూడిన స్లాబు, బయటపడ్డ చువ్వలు, కింద బకెట్టు]

నమస్కారమండీ. అమలాపురం, పాలకొల్లు, భీమవరం... ఎక్కడైనా అద్దెకుండేవాళ్లని వానాకాలంలో పలకరిస్తే ఒకటే మాట. "ఇల్లు కురుస్తోందండీ. ఎన్నిసార్లు చెప్పినా ఇంటాయన పట్టించుకోవట్లేదు. ఈ నెల అద్దె ఆపేస్తే ఆయనే దారికొస్తాడు."

దయచేసి ఆ పని చేయకండి. ఇంట్లో ఉన్నన్నాళ్లూ అద్దె బాకీ మీ మీదే ఉంటుంది. మిమ్మల్ని ఖాళీ చేయించడానికి అద్దె బకాయిని మించిన కారణం ఇంటాయనకి దొరకదు. స్లాబు సంగతి అందరూ మరిచిపోతారు, అద్దె ఎగ్గొట్టినవాళ్లుగా మీరు కోర్టులో నిలబడతారు. చట్టం మీకు వేరే దారి చూపించింది. అందులో ఒక మెలిక ఉంది, అది తెలియకుండా దిగితే మీకే నష్టం.

[తెర మీద: ఆస్తి బదిలీ చట్టం, 1882. సెక్షను 108]

ఈ సెక్షనులో (ఎఫ్) అనే క్లాజు ఉంది. తాను చేయించాల్సిన మరమ్మతుని, నోటీసు అందాక తగిన సమయంలో యజమాని చేయించకపోతే, అద్దెకున్నవాళ్లే చేయించుకోవచ్చు. అయిన ఖర్చుని వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు, లేదా యజమాని దగ్గర వేరేగా వసూలు చేసుకోవచ్చు.

మెలిక "తాను చేయించాల్సిన" అన్న మాటలో ఉంది. ఇల్లు అద్దెకిచ్చినంత మాత్రాన ప్రతి మరమ్మతూ యజమానే చేయించాలని 1882 చట్టం ఎక్కడా చెప్పలేదు. ఆ బాధ్యత మీ ఇద్దరి ఒప్పందం నుంచి రావాలి, లేదా స్థానికంగా నడిచే ఆచారం నుంచి రావాలి. అందుకే అద్దె కాగితం మీద సంతకం పెట్టే రోజే సగం కేసు తేలిపోతుంది అంటాను. మన దగ్గర పదకొండు నెలల కాగితం ఎందుకు రాస్తారో తెలుసుగా? ఏడాది దాటితే రిజిస్ట్రేషను చేయించాల్సి వస్తుందని. ఆ కాగితంలో అద్దె, అడ్వాన్సు, కరెంటు బిల్లు ఉంటాయి గానీ మరమ్మతుల గురించి ముక్క ఉండదు. ఈసారి రాసేటప్పుడు ఒక్క వాక్యం చేర్పించండి.

[తెర మీద: "స్లాబు, గోడలు, పైకప్పు, నీటి పైపులు, కరెంటు వైరింగు మరమ్మతులు యజమాని బాధ్యత. కుళాయిలు, స్విచ్చులు, సాకెట్లు, కిటికీ అద్దాలు అద్దెదారు చూసుకోవాలి."]

ఈ పంపకం నా సొంతది కాదు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం పట్టికలో దాదాపు ఇలాగే ఉంది. అది నమూనా మాత్రమే, దానంతట అది మన మీద అమలు కాదు. కానీ ఇంటాయనతో మాట్లాడేటప్పుడు "లోకంలో న్యాయం ఇదండీ" అని చూపించడానికి పనికొస్తుంది.

ఇక కాగితంలో ఏమీ లేకుండానే ఇంట్లో ఉన్నవాళ్ల సంగతి. మీ కేసు పోయినట్టు కాదు. ఇంతకు ముందు మోటారు కాలిపోతే ఎవరు బాగు చేయించారు? పక్క వాటాలో గోడకి ఎవరు ప్లాస్టరింగు చేయించారు? ఇంటాయనే చేయించి ఉంటే ఆ పాత మెసేజీలు, బిల్లులు వెతికి దాచండి. ఆయన బాధ్యత ఒప్పుకున్నాడనడానికి అవే ఆధారం.

ఇంకో సంగతి. ఇల్లిచ్చే నాటికే లోపం ఉండి, అది ఆయనకి తెలిసి, మామూలు జాగ్రత్తతో చూసినా మీకు కనపడనిదైతే, ముందే చెప్పి తీరాలి. అదే సెక్షను (ఎ) క్లాజు. కురిసే స్లాబుకి వేసవిలో రంగులేయించి అద్దెకివ్వడం సరిగ్గా ఇలాంటిదే.

ఇప్పుడు రుజువుల మాట. నరసాపురం, మొగల్తూరు, సఖినేటిపల్లి వైపు సముద్రపు గాలికి స్లాబు లోపలి చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పైనున్న కాంక్రీటుని పగలగొడుతుంది. పెచ్చులు ఊడేది అందుకే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, "మీరు మేడ మీద నీళ్లు పారబోశారు, మీ వల్లే పాడైంది" అనే మాట తప్పకుండా వస్తుంది. కాబట్టి చువ్వ రంగు కనపడేలా దగ్గరగా ఒక ఫొటో, గది మొత్తం కనపడేలా ఇంకొకటి తీయండి. తాపీమేస్త్రీని పిలిచి, కారణమేంటో, ఎంత ఖర్చవుతుందో కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించండి. ఫొటోలు తీసిన ఫోను అమ్మేయకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం, ఫొటోలు, వాట్సాప్ మెసేజీలు కోర్టుకి ఇచ్చేటప్పుడు, అవి ఏ ఫోనులోవో చెప్పే ధ్రువపత్రం జత చేయాలి.

తర్వాత నోటీసు. గుమ్మంలో నిలబడి "బాబాయిగారూ, కాస్త చూడండి" అని అడగడం మర్యాద. అడగండి. కానీ కోర్టులో దాన్ని రుజువు చేయడం కష్టం. వకీలు లేకుండానే ఇలా రాయొచ్చు.

[తెర మీద ఉత్తరం, చదువుతున్న గొంతు]

"అయ్యా, మీ మేడ మీద వాటాలో నెలకు 6,000 రూపాయల అద్దెకు ఉంటున్నాను. ఈ నెల వరకు అద్దె చెల్లించాను. పడకగది స్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. వంటగదిలోకి వాన నీరు దిగుతోంది. ఫొటోలు, మేస్త్రీ అంచనా జత చేశాను. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో బాగు చేయించగలరు. లేనిపక్షంలో ఆస్తి బదిలీ చట్టం 108(ఎఫ్) ప్రకారం నేనే చేయించి, ఖర్చును అద్దెలో మినహాయించుకుంటాను."

అందినట్టు రుజువు ఉండేలా స్పీడ్ పోస్టులో పంపండి. 2025లో రిజిస్టరు పోస్టు దాంట్లోనే కలిసిపోయింది. నకలు దాచుకోండి. పదిహేను రోజులు అన్నది నేను వేసిన లెక్క. చట్టం "తగిన సమయం" అంది అంతే. నెత్తిమీద వేలాడే స్లాబుకి రెండు మూడు రోజులు చాలు, రాలే సున్నానికి నెలైనా ఆగొచ్చు.

గడువు దాటాక పని చేయించండి. 12,000 అయిందనుకుందాం. అద్దె 6,000 కాబట్టి రెండు నెలల అద్దె సరిపోతుంది. నెలకి సగం చొప్పున నాలుగు నెలలు తగ్గించుకుంటే ఇద్దరి మధ్యా మాట పోదని నా అభిప్రాయం. తగ్గించే ప్రతి నెలా, ఎంత తగ్గించారో, ఎందుకో మెసేజి పెట్టండి. సిమెంటు, ఇసుక, కూలీ రసీదులు ఉండాలి. పనిలో పనిగా టైల్సు మార్పిస్తే ఆ ఖర్చు మీదే.

[తెర మీద: ధవళేశ్వరం బ్యారేజీ, వరద నీరు]

వరద సంగతి వేరు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్లినప్పుడు లంక గ్రామాల్లో ఎన్ని ఇళ్లు మునిగాయో చూశాం. వరదకి, తుపానుకి ఇంట్లో ముఖ్యమైన భాగం పూర్తిగా కూలిపోయినా, ఇక శాశ్వతంగా పనికిరాకుండా పోయినా, ఒప్పందం రద్దు చేసుకునే హక్కు అద్దెదారుది. ఇది అదే 108వ సెక్షను (ఇ) క్లాజు. నాలుగు రోజులు నీళ్లు నిలిచి తీసిపోతే మాత్రం ఇది వర్తించదు, ఆ రోజుల అద్దె తగ్గింపు మాట్లాడుకోవాల్సిందే.

ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి రంగులకి, చెమ్మ పట్టిన గోడకి కోసేస్తారు. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల అద్దెదారు బాధ్యత కాదు. మీ కాగితంలో రంగుల ఖర్చు మీదని రాసి ఉంటే తప్ప, కోయడం తప్పు. తలుపు మీరు విరగ్గొడితే ఆ ఖర్చు మీదే. చేరిన రోజునే గోడలన్నీ వీడియో తీసి పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

ఉత్తరం రాశాక "ఖాళీ చెయ్యి" అంటారేమోనన్న భయం నిజమైనదే. నెలవారీ అద్దెని 15 రోజుల నోటీసుతో ముగించొచ్చు. కానీ నోటీసు ఇచ్చినా, మీరు కదలకపోతే ఆయన కోర్టుకే వెళ్లాలి. తాళం వేయడం, సామాను బయట పడేయడం కుదరదు. అలా చేస్తే ఆరు నెలల్లోపు నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షను కింద దావా వేసి తిరిగి ఇంట్లోకి వెళ్లొచ్చు. నీళ్లు, కరెంటు ఆపి వేధించకూడదని మన ఆంధ్రప్రదేశ్ 1960 అద్దె నియంత్రణ చట్టంలోనే చెప్పారు. తర్వాత 2017లో రాష్ట్రం కొత్త అద్దె చట్టం తెచ్చుకుంది. యానాంలో ఉన్నవాళ్లు మాత్రం గమనించాలి, అది పుదుచ్చేరి కాబట్టి అక్కడి అద్దె నియంత్రణ చట్టం వేరు.

స్లాబు కూలి ప్రాణాపాయం ఉందనిపిస్తే కోర్టు తేదీల కోసం ఎదురుచూడొద్దు. ముందు పిల్లల్ని ఆ గదిలోంచి తీసేసి, మున్సిపాలిటీకో పంచాయతీకో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

వకీలు ఫీజుకి భయపడి ఆగిపోకండి. రాజమహేంద్రవరం, ఏలూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలున్నాయి, మండల స్థాయిలో న్యాయ సేవల కమిటీలున్నాయి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, వరద బాధితులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలుని పెడతారు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి పెట్టమని అడగొచ్చు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఈ ఉచిత న్యాయ సాయం ఫోను నంబరు 15100. చేసేముందు ఉత్తరం నకలు, పోస్టు రసీదు, అద్దె కట్టిన ఆధారాలు పక్కన పెట్టుకోండి, మొదట అడిగేది వాటి గురించే.