మొదటిసారి డ్రై హాపింగ్: గరాటు పెట్టాను, బీరు పైకొచ్చింది

నమస్తే అండి. నా వెనకాల గోడ మీద ఆ పచ్చటి మరకలు కనిపిస్తున్నాయా? మూడుసార్లు తుడిచాను, పోలేదు. ఈ వీడియో ఆ మరకల కథే: ఇంట్లో కాసిన బీరులో వాసన కోసం హాప్స్ వేయబోతే పడ్డాయి.

మేం ఉండేది అమెరికాలో, ఆరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ దగ్గర. ఇంట్లో వాడుకోవడానికి బీరు కాసుకోవడం ఇక్కడ తప్పు కాదు. 1978లో అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాసుకోవచ్చు, అమ్మకూడదు. ఆంధ్రాలో, తెలంగాణలో ఉన్నవాళ్లు మాత్రం సరదాకి చూడండి, చేయకండి. లైసెన్సు లేకుండా బీరు కాస్తే అక్కడ ఎక్సైజు కేసే.

మొన్న విజయవాడ నుంచి మా బావ ఫోన్ చేసి అడిగాడు: "హాప్స్ అంటే ఆకా, గింజా?" పువ్వు బావా, అన్నాను. తీగకు పూస్తుంది. అరటిపువ్వు బొటనవేలంతే ఉండి, పచ్చగా, కాగితంలా తేలిగ్గా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రెక్క విప్పితే దాని మొదలు దగ్గర పసుపురంగు పొడి అంటుకుని ఉంటుంది. దాన్ని లుపులిన్ అంటారు. చేదూ అందులోనే, వాసనా అందులోనే. ఇండియాలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో కొంత పండిస్తారు. మాకు పక్క రాష్ట్రం వాషింగ్టన్‌లోని యాకిమా లోయ నుంచి వస్తాయి, అమెరికా పంటలో ఎక్కువ భాగం అక్కడిదే. నేను కొన్నది సిట్రా రకం, 56 గ్రాములు. పువ్వును పొడిచేసి గట్టిగా నొక్కి పెల్లెట్లు చేస్తారు. చూడ్డానికి అచ్చం కోళ్ల దాణా.

చారు కాసేవాళ్లకి డ్రై హాపింగ్ ఒక్క ముక్కలో అర్థమవుతుంది. మిరియాలు మరుగులో వేస్తాం, కొత్తిమీర దించాక వేస్తాం. కొత్తిమీరని అరగంట మరిగిస్తే ఏం మిగులుతుంది? హాప్స్ కూడా అంతే. గంటసేపు మరిగిస్తే వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు రూపం మారి చేదునిస్తాయి, వాసన నూనెలు మాత్రం ఆవిరితో పోతాయి. అందుకే వాసన కోసం బీరు పులిశాక, చల్లగా ఉన్నప్పుడు, ఇంకోసారి హాప్స్ వేస్తారు. ఇది కొత్త ఫ్యాషనేం కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ నుంచి కలకత్తాకీ మద్రాసుకీ ఓడల్లో వచ్చిన పేల్ ఏల్ అనే బీరు పీపాల్లో కూడా హాప్స్ వేసేవాళ్లు.

ఇక మరకల సంగతి. నా దగ్గరున్నది సన్న మెడ గాజు సీసా, కార్బాయ్ అంటారు. అందులో 19 లీటర్ల బీరు. పులియబెట్టే ఈస్ట్ వేసి ఐదు రోజులైంది. గ్యాస్‌ని బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని మూత ఉంటుంది, ఎయిర్‌లాక్ అంటారు. అందులో బుడగలు తగ్గాయి. సోమవారం నుంచి ఆఫీసులో పని పీకల మీదకి వస్తుంది, ఆదివారమే వేసేద్దాం అనుకున్నాను. బీరు సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ పెడితే 1.018 చూపించింది. పులిసి చక్కెర తగ్గేకొద్దీ ఈ అంకె దిగుతుంది. మొదలుపెట్టినప్పుడు 1.054. ఈ ఈస్ట్‌కి 1.012 దాకా దిగాలి. అంటే ఇంకా పులుస్తోంది. చూశాను, చూసి కూడా ఊరుకున్నాను.

ఇదిగో, ఆ షాట్. గరాటు పెట్టాను. ప్యాకెట్‌లో సగం, 28 గ్రాములు, ఒక్కసారే వంపాను. మొదటి రెండు సెకన్లు ఏమీ లేదు. తర్వాత "స్స్స్" మని చప్పుడు. అప్పుడే పులుస్తున్న బీరులో కార్బన్ డయాక్సైడ్ నిండుగా కరిగి ఉంటుంది. పొడి ముక్కల గరుకు అంచులు దొరికేసరికి అదంతా ఒక్కసారి బుడగలై లేస్తుంది, సోడాలో ఉప్పు వేసినట్టు. వెడల్పు బకెట్ అయితే నురుగు పరుచుకునేది. సన్న మెడలోంచి ఎక్కడికి పోతుంది? గరాటుని ఎత్తి అవతల పారేసి, పచ్చటి నురుగు గోడకి కొట్టింది. నేను చేత్తో మూతి మూయడానికి చూశాను. దయచేసి ఆ పని మాత్రం చేయకండి, అది గాజు. పక్కగదిలోంచి మా ఆవిడ "పాలు పొంగాయా?" అని కేకేసింది.

దాదాపు రెండు లీటర్లు నేలపాలు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పులియడం ఇంకా పూర్తికాకముందు హాప్స్ వేయడం తప్పేమీ కాదు, కావాలనే అలా వేసేవాళ్లున్నారు. మూత తీసినప్పుడు దూరిన ఆక్సిజన్‌లో కొంత ఈస్ట్ తినేస్తుంది. నా తప్పల్లా సన్న మెడలో గుప్పెడు ఒక్కసారి పోయడం. చిటికెడు వేసి ఒక నిమిషం ఆగి మళ్లీ వేస్తే సరిపోయేది.

హాప్స్‌ని మరిగించకుండా వేస్తే బీరు పాడవదా అని నాకూ టెన్షన్ ఉండేది. ఆ భయం అనవసరం. అప్పటికే ఆల్కహాలుంది, ఆమ్లముంది, హాప్స్‌కే సూక్ష్మజీవుల్ని అణిచే గుణముంది. భయపడాల్సింది గాలికి. హాప్స్ వాసనని గాలి చాలా త్వరగా చంపేస్తుంది.

మిగతా 28 గ్రాములు గాలి తీసి ఫ్రీజర్‌లో పెట్టాను. ఈసారి బుద్ధిగా 1.012 వచ్చి, మూడు రోజుల తర్వాత కూడా అదే 1.012 ఉందని చూసుకుని, నాలుగు విడతలుగా వేశాను. పెల్లెట్లు పైన తేలి, ఉబ్బి, గోరింటాకు ముద్దలా అయ్యాయి. రెండో రోజుకి మెల్లగా కిందికి దిగాయి.

మూడో రోజు సీసాల్లోకి పట్టేద్దామని హైడ్రోమీటర్ పెట్టాను. 1.010! పులియడం అయిపోయిందనుకున్న బీరు మళ్లీ దిగడమేంటి? నాకు అసలు ఆసక్తిగా అనిపించింది ఇదే. హాప్స్‌లో కొన్ని ఎంజైములుంటాయి. ఈస్ట్ తినలేక వదిలేసిన పిండిపదార్థపు ముక్కల్ని అవి మళ్లీ చక్కెరగా కోసి పెడతాయి. దాంతో ఈస్ట్ రెండో పంక్తికి కూర్చుంటుంది. దీన్ని ఇప్పుడు హాప్ క్రీప్ అంటున్నారు గానీ, 1893లోనే బ్రౌన్, మోరిస్ అనే ఇద్దరు ఇంగ్లండ్‌లో రాసి పెట్టారు. అది గమనించకుండా సీసాలు బిగిస్తే లోపల గ్యాస్ పెరిగి సీసాలు పేలతాయి. మరో మూడు రోజులు ఆగాను. 1.010 దగ్గరే నిలబడింది. లెక్క కడితే ఆల్కహాలు 5.8 శాతం దాకా తేలింది.

ఎన్ని రోజులు ఉంచాలి, ఎంత వేయాలి అని అడుగుతారు. మామూలుగా మూడు నాలుగు రోజులు చాలు. మరీ ఉంచితే గడ్డి వాసన తగులుతుంది. నాది ఆరు రోజులు పట్టింది, కొంచెం తగిలింది కూడా, దాచను. మోతాదు నాది లీటరుకి మూడు గ్రాములు. ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కాస్కేడ్ రకం మీద చేసిన పరీక్షలో లీటరుకి 8 గ్రాములు దాటాక పండ్ల వాసన పెద్దగా పెరగలేదు, ఆకు, టీ లాంటి వాసన పెరిగింది.

తర్వాత రెండు రోజులు ఫ్రిజ్‌లో పెడితే ముద్దంతా అడుక్కి పేరుకుంది. సైఫన్ గొట్టం మూతికి మరిగించిన నైలాన్ గుడ్డ కట్టాను, లేకపోతే ఆ ముద్ద అడ్డం పడుతుంది. సీసాల్లో తగినంత గ్యాస్ పట్టడానికి 100 గ్రాముల పంచదార నీళ్లలో మరిగించి కలిపి, చప్పుడు కాకుండా, చిలకకుండా నింపాను. 44 సీసాలొచ్చాయి. కుక్కలున్నవాళ్లకి ఒక హెచ్చరిక: ఆ మిగిలిన ముద్దని పెరట్లో పారేయకండి. హాప్స్ తింటే కుక్కకి ఒళ్లు విపరీతంగా వేడెక్కి ప్రాణం పోవచ్చు.

రెండు వారాల తర్వాత మొదటి సీసా తీశాం. నాకు పంపరపనస తొక్క గిల్లిన వాసన వచ్చింది. మా ఆవిడ పచ్చిమామిడి అంది. ఇద్దరం తలోమాట మీద ఉండగానే గ్లాసు ఖాళీ అయింది.

ఇది నిన్న తీసిన షాట్. ఎనిమిదో వారం. రంగు చూడండి, తేనెరంగు తిరిగింది. వాసన సగం కూడా లేదు. గాలి ఎప్పుడు దూరిందో నాకు తెలుసు: రెండోసారి మూత తీసి నాలుగు విడతలుగా వేశానే, అప్పుడు. మా ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు నా ముందుకి జరిపి, "పంపరపనస అన్నావుగా, వెతుక్కో" అంది.